సబ్బులో పసుపు వేస్తే ఏ రంగు వస్తుంది?



ఈ నెల 7వ తరగతి పిల్లలకు ఇచ్చిన హోమ్ యాక్టివిటీ 'మా ఇంటి సబ్బు'. సర్క్యులర్ వెళ్ళిన మర్నాటి నుంచే ఫోన్లు మొదలయ్యాయి. అందరూ అడిగింది దాదాపు ఒకటే: "మేడమ్, రంగు ఏం కలపమంటారు?" కొందరు ఫుడ్ కలర్ అన్నారు, కొందరు పసుపు అన్నారు. సంక్రాంతికి కొన్న ముగ్గు రంగులు మిగిలిపోయాయి, వాడేయమంటారా అని అడిగినవారూ ఉన్నారు. ఫోన్లో ఒక్క ముక్కలో చెప్పే సమాధానం కాదు కాబట్టి ఈ పేజీలో వివరంగా రాస్తున్నాను. దయచేసి మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

బేస్ కరిగించి అచ్చులో పోయడం పది నిమిషాల పని. ఏ రంగు సబ్బులో నిలుస్తుంది, ఏది మారిపోతుంది, ఏది పిల్లల ఒంటికి తగలకూడదు అన్న దగ్గరే అసలు పాఠం ఉంది.

ముందు సబ్బు సంగతి

సబ్బు రెండు రకాలుగా చేయొచ్చు. మొదటిది నూనెలో కాస్టిక్ సోడా ద్రావణం కలిపి, అది గట్టిపడ్డాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టే పద్ధతి. నూనె, క్షారం కలిసి సబ్బుగా, గ్లిజరిన్‌గా మారతాయి. దీన్నే సపోనిఫికేషన్ అంటారు, పిల్లలు 10వ తరగతిలో చదువుతారు. రెండోది ఈ పని అంతా ఫ్యాక్టరీలోనే అయిపోయి, గడ్డలుగా అమ్మే సోప్ బేస్‌ను కొని, కరిగించి, రంగు కలిపి, అచ్చులో పోసుకునే పద్ధతి. మన యాక్టివిటీకి రెండోది మాత్రమే.

ఈ విషయంలో నేను కాస్త కఠినంగానే చెబుతాను. యూట్యూబ్‌లో కాస్టిక్ సోడాతో సబ్బు చేసే వీడియోలు చాలా ఉన్నాయి, చూడ్డానికి చాలా తేలిగ్గా కనిపిస్తాయి. ఆ తెల్లటి బిళ్ళలు నీళ్ళలో పడగానే నీళ్ళు చేయి పెట్టలేనంత వేడెక్కుతాయి. ఘాటైన ఆవిరి వస్తుంది. చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం. అల్యూమినియం గిన్నెలో కలిపితే ఆ గిన్నెనే తినేస్తుంది, మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు బయటికొస్తుంది. పన్నెండేళ్ళ పిల్లల చేతికి ఇవ్వాల్సిన వస్తువు కాదది. మీరు పక్కనే ఉన్నా సరే, వద్దు. ఎక్కడైనా ఎప్పుడైనా చర్మం మీద పడితే వెంటనే కుళాయి కింద పెట్టి కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు నీళ్ళు ధారగా పోస్తూ ఉండాలి, తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. క్షారానికి విరుగుడు ఆమ్లం కదా అని నిమ్మరసం, వెనిగర్ పోయకూడదు. సింకు పైపు శుభ్రం చేసే పౌడర్లలో చాలావాటిలో ఉండేది కూడా ఇదే కాస్టిక్ సోడా. అందుకని ఈ జాగ్రత్త సబ్బు చేయని ఇళ్ళకు కూడా పనికొస్తుంది.

సోప్ బేస్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద పదార్థాల జాబితా ఉన్నదే తీసుకోండి. అందులో సోడియం స్టియరేట్, సోడియం లారేట్ లాంటి పేర్లు కనిపిస్తాయి. అవే అసలు సబ్బు. 'సోడియం' అని ఎందుకు మొదలవుతోందో పిల్లలనే అడగండి. నూనెను సబ్బుగా మార్చిన సోడియం హైడ్రాక్సైడ్ తాలూకు గుర్తు అది.

సబ్బు తయారయ్యాక కాస్టిక్ సోడా మిగలదు. అయినా సబ్బు క్షార స్వభావాన్ని వదలదు. నీటి పీహెచ్ 7 అనుకుంటే మామూలు సబ్బు నురగ పీహెచ్ 9, 10 మధ్య ఉంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే మిగతా కథంతా అర్థమవుతుంది.

పసుపుతో మొదలుపెట్టండి

చెంచా కరిగిన తెల్ల బేస్‌లో చిటికెడు పసుపు వేసి కలపమనండి. వేసే ముందు ఏ రంగు వస్తుందో ఊహించి నోట్‌బుక్‌లో రాయమనండి. నూటికి తొంభై మంది 'పసుపు రంగు' అనే రాస్తారు. చెంచాలో కనిపించేది మాత్రం నారింజకూ ఇటుక రంగుకూ మధ్యలో ఉంటుంది. బేస్ క్షార గుణం ఎక్కువైన కొద్దీ ఎరుపు ముదురుతుంది.

పసుపులో రంగునిచ్చేది కర్క్యుమిన్ అనే పదార్థం. పీహెచ్ సుమారు 7.4 దాటేవరకు అది పసుపుగానే ఉంటుంది. అక్కడి నుంచి మారడం మొదలై 8.6 దగ్గరకు వచ్చేసరికి ఎర్రటి గోధుమ రంగులోకి దిగుతుంది. సబ్బు పీహెచ్ అంతకన్నా పైనే కదా, అందుకే ఎర్రబడింది. క్లాసులో దీన్ని 'నేచురల్ ఇండికేటర్' అని చెబుతాం. లిట్మస్, పసుపు, మందారం అని మూడు పేర్లూ పిల్లలు గడగడా ఒప్పజెప్తారు.

అయితే క్లాసులో నేను తరచూ గమనించేది ఒకటుంది. 'టర్మరిక్ టర్న్స్ రెడ్ ఇన్ బేసిక్ సొల్యూషన్' అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు, పెళ్ళిలో కాళ్ళకు పెట్టే పారాణి ఎర్రగా ఎందుకుంటుందో అడిగితే తెలియదు. దిష్టి తీసే ఎర్రనీళ్ళలో ఎర్రరంగు కలిపారనే అనుకుంటారు. ఆ నీళ్ళలో ఉన్నది పసుపు, సున్నమే అని మీ ఇంట్లో అమ్మమ్మకో నానమ్మకో తెలుసు. సున్నం అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, మంచి క్షారం. పిల్లలకు ఇంగ్లిష్‌లో తెలిసిన వాక్యం, పెద్దవాళ్ళ చేతికి తెలిసిన పని, రెండూ ఒకటే.

'మాకు ఇంగ్లిష్ రాదు మేడమ్, సైన్స్ మేమేం చెప్పగలం' అని పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది అమ్మలు వెనక బెంచీల్లో కూర్చుంటారు. ఈ యాక్టివిటీలో ఆ మాట చెల్లదు. ఎర్రనీళ్ళు ఎలా కలుపుతారో ముందు మీరు చేసి చూపించండి. సున్నం ఎంత వేస్తే ఏ ఎరుపు వస్తుందో చెప్పండి. సున్నం ముట్టుకునే పని మీదే, పిల్లలు చూస్తే చాలు. ఆ తర్వాతే సబ్బు దగ్గరకు వెళ్ళండి. ఆ రోజు నోట్‌బుక్‌లో మొదటి పేరా మీ మాటల్లో, తెలుగులోనే రాయించండి. ఇంగ్లిష్‌లోకి మార్చుకోవడం క్లాసులో నేను చూసుకుంటాను.

ఇదే పాఠం మీరు బట్టలు ఉతికేటప్పుడు కూడా చూసి ఉంటారు. తెల్ల చొక్కా మీద పప్పో పులిహోరో పడితే మరక పసుపుగా ఉంటుంది. సబ్బు రుద్దగానే ఎర్రగా మారి, 'అయ్యో, ఇంకా పెద్దదయింది' అనిపిస్తుంది. మరక పెరగలేదు, కర్క్యుమిన్ రంగు మార్చుకుందంతే. దాని మీద నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు. ఎండలో ఆరేస్తే సాయంత్రానికి చాలావరకు మాయం, ఎందుకంటే కర్క్యుమిన్ వెలుతురుకు విరిగిపోతుంది. ఇదే కారణంగా పసుపు వేసిన సబ్బు కిటికీ పక్కన పెడితే కొన్ని రోజులకు వెలిసిపోతుంది.

ఇక్కడ తెలివైన పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు. "నిమ్మరసం వేస్తే పసుపు రంగు తిరిగి వస్తుంది కదా, సబ్బులోనే నిమ్మరసం పిండితే?" ప్రశ్న చాలా మంచిది. కొట్టిపారేయకండి, ఒక చెంచాలో చేసి చూడనివ్వండి. ఆమ్లం పడగానే సబ్బు తిరిగి కొవ్వు ఆమ్లంగా మారుతుంది. పాలు విరిగినట్టు తెల్లటి పలుకులు తేలతాయి, ఆ చెంచాలోది ఇక సరిగ్గా నురగ రాదు. రంగు దక్కుతుంది, సబ్బు దక్కదు. 'లెమన్ సబ్బు' అని అమ్మేవాటిలో ఉండేది ఎక్కువగా నిమ్మ వాసనే ఎందుకో కూడా పిల్లలకు అప్పుడు తడుతుంది.

పసుపు గురించి ఒక చిన్న జాగ్రత్త. వీలైతే కొమ్ములు పట్టించిన పసుపు వాడండి. బజారు పసుపులో రంగు కలిసిందేమోనని అనుమానం ఉంటే గ్లాసు నీళ్ళలో చెంచాడు వేసి కదపకుండా ఉంచండి. మంచి పసుపు చాలావరకు అడుక్కు దిగి పైన నీళ్ళు లేత పసుపుగా ఉంటాయి. నీళ్ళన్నీ చిక్కటి పసుపుగా మారితే ఆ పొట్లం సబ్బులోకే కాదు, కూరలోకి కూడా వద్దు.

వంటింట్లో, పెరట్లో ఉన్న మిగతా రంగులు

మందార పూల రంగు ఆమ్లంలో ముదురు గులాబీ, క్షారంలో ఆకుపచ్చ. కాబట్టి ఎర్రటి పూలు వేసి ఎర్రటి సబ్బు వస్తుందని ఎదురుచూసిన పిల్లలకు బూడిద కలిసిన పచ్చ రంగు కనిపిస్తుంది. శంఖుపుష్పం ఇంకా తమాషాగా ఉంటుంది. వేడినీళ్ళలో నీలం, నిమ్మరసం పిండితే ఊదా, సబ్బు తగిలితే పచ్చ వైపు జారుతుంది. ఈ రెండు పూలూ దొరికితే సబ్బులో వేసే ముందు మూడు గ్లాసుల్లో విడిగా చేసి చూపించండి. ఆ అందం గ్లాసులోనే, సబ్బులో మిగలదు.

బీట్‌రూట్ మీద అందరికీ ఆశ ఎక్కువ. పోసేటప్పుడు గులాబీ రంగు వచ్చినట్టే ఉంటుంది. దాని రంగు వేడికీ క్షారానికీ తట్టుకోదు, కొద్ది రోజుల్లోనే లేత గోధుమ రంగుకు దిగిపోతుంది. గులాబీ సబ్బు కావాలంటే బీట్‌రూట్‌ను నమ్ముకోవద్దు. ఆ మార్పును రోజూ గమనించి రాయడానికైతే దానంత మంచిది లేదు.

ఎండబెట్టి పొడి చేసిన పాలకూర, వేపాకు మొదట పచ్చగా ఉంటాయి, వెలుతురుకు మెల్లగా పాలిపోతాయి. పచ్చి రసం, క్యారెట్ గుజ్జు, తాజా పూరేకులు, పాలు మాత్రం వద్దు. బేస్‌లో తడి పెరిగి సబ్బు మెత్తబడుతుంది. పైగా నాలుగు రోజులకు అందులో బూజు పడుతుంది. ఏది వేసినా ఎండిన మెత్తటి పొడిగా, జల్లెడ పట్టి వేయండి. వేపాకు పొడిలో ఈనెలు మిగిలితే రుద్దుకునేటప్పుడు గీసుకుంటాయి.

నిలిచే రంగులు కూడా ఉన్నాయి. కాఫీ పొడి గోధుమ రంగునిస్తుంది, చాలావరకు అలాగే ఉంటుంది. మెడికల్ షాపులో దొరికే యాక్టివేటెడ్ చార్‌కోల్ బూడిద నుంచి నలుపు వరకు ఇస్తుంది, పీహెచ్ ఎంతున్నా దానికి పట్టదు. ముల్తానీ మట్టి లేత గోధుమ. జాఫ్రా గింజలు దొరికితే గోరువెచ్చని కొబ్బరి నూనెలో నానబెట్టి వడగట్టండి. ఆ నూనె రెండు చుక్కలు చాలు, మంచి నారింజ పసుపు వస్తుంది. పసుపు వేసి రాని పసుపు రంగు జాఫ్రాతో వస్తుందన్నమాట. నూనె ఎక్కువైతే నురగ తగ్గుతుంది, అది చూసుకోండి.

బొగ్గు, మట్టి ఎందుకు మారలేదు, పువ్వులు, దుంపలు ఎందుకు మారాయి? పిల్లలను ఆలోచించనివ్వండి. పువ్వుల రంగు నీళ్ళలో కరిగి, క్షారంతో కలిసి తన నిర్మాణమే మార్చుకుంటుంది. బొగ్గు పొడి కరగదు, సన్నటి రేణువులుగా సబ్బులో చిక్కుకుని ఉంటుందంతే. కరిగే రంగును డై అని, కరగని రంగును పిగ్మెంట్ అని అంటారు. ఈ రెండు పదాలూ పుస్తకం నుంచి బట్టీ పట్టించడం కన్నా ఈ రెండు చెంచాలు చూపించి చెబితే వాళ్ళు మరిచిపోరు.

వేయకూడనివి

ముగ్గు రంగులు, హోలీ రంగులు, బట్టలకు అద్దే రంగులు, పోస్టర్ కలర్లు, కరిగించిన క్రేయాన్లు, కొవ్వొత్తి రంగులు. వీటిలో ఏదీ వద్దు. వాటిని ఒంటికి రాసుకోవడానికి తయారు చేయలేదు, ముగ్గు రంగుల పొట్లం మీద ఏముందో రాసి కూడా ఉండదు. రెండు నిమిషాల్లో కడిగేసుకునే సబ్బే కదా అనిపించవచ్చు. అదే సబ్బుతో పిల్లలు రోజూ ముఖం కడుక్కుంటారు, నురగ కళ్ళలోకి పోతుంది, చిన్న తమ్ముడు నోట్లో పెట్టుకుంటాడు.

సిందూరం గురించి విడిగా చెప్పాలి. సంప్రదాయ సిందూరం సీసపు ఆక్సైడ్‌తో తయారయ్యేది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. ఇప్పుడు బజారులో దొరికేవాటిలో ఏది ఎలాంటిదో చూసి చెప్పలేం కాబట్టి, పూజ గదిలోది పూజ గదిలోనే ఉండనివ్వండి. కుంకుమ కూడా అంతే. పసుపు, సున్నం కలిపి ఇంట్లో చేసిన కుంకుమ వేరు, కృత్రిమ రంగు కలిపిన పొడి వేరు. పొట్లం చూస్తే తేడా తెలియదు.

క్రాఫ్ట్ షాపులో దొరికే మెరుపు పొడి కూడా వద్దు. అది ప్లాస్టిక్ తునకలు. కంట్లో గుచ్చుకుంటుంది, కడిగాక కాలువలోకి పోతుంది.

మరి ఫుడ్ కలర్? తినే రంగే కదా, ప్రమాదం తక్కువే. మన దేశంలో తినే పదార్థాల్లో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిది. ప్యాకెట్ మీద ఫుడ్ లైసెన్స్ నంబరు, రంగు పేరు ఉంటే చుక్కా రెండు చుక్కలూ వాడొచ్చు. నాకు మాత్రం అది పెద్దగా నచ్చదు, కారణం వేరే. ఫుడ్ కలర్ నీళ్ళలో కరిగే డై. ఎరుపు, తెలుపు పొరలుగా సబ్బు పోస్తే కొద్ది రోజుల్లోనే ఎరుపు తెల్ల పొరలోకి పాకి మొత్తం గులాబీ అవుతుంది. ఎక్కువైతే నురగకూ రంగే, తువ్వాలుకూ రంగే. జిలేబీకి వాడినంత ధారాళంగా సబ్బుకు వాడకండి.

కొనే రంగులు, లేబుల్ మీది అంకెలు

అందమైన నీలం, గులాబీ కావాలని పిల్లలు పట్టుబడితే సబ్బులకు, కాస్మెటిక్స్‌కు అని లేబుల్ మీద స్పష్టంగా రాసి ఉన్న మైకా పొడులు, ఐరన్ ఆక్సైడ్‌లు, అల్ట్రామెరైన్ నీలం దొరుకుతాయి. మైకా అంటే మన అభ్రకమే. దాని సన్నటి రేకుల మీద టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ లాంటివి పూతగా ఎక్కిస్తే మెరుపుతో పాటు రంగు వస్తుంది. పారదర్శకంగా ఉండే బేస్‌లోనే ఆ మెరుపు కనబడుతుంది. తెల్ల బేస్‌లో ముందే టైటానియం డయాక్సైడ్ ఉంటుంది కాబట్టి అందులో ఎరుపు వేస్తే గులాబీ, నీలం వేస్తే ఆకాశ నీలం వస్తాయి. ఐరన్ ఆక్సైడ్ అంటే తుప్పు కుటుంబమే. మన చేలల్లో ఎర్రమట్టికి ఆ రంగు ఇచ్చేది కూడా అదే. అలాగని మట్టి తవ్వి తెచ్చి సబ్బులో వేయకండి, శుద్ధి చేయని మట్టిలో సూక్ష్మజీవులుంటాయి.

ఖర్చు లేని పని ఇంకొకటి ఉంది, నాకు ఇది అన్నిటికన్నా ఇష్టం. మీ బాత్‌రూమ్‌లో ఉన్న సబ్బు అట్టపెట్టె తీసి వెనక చిన్న అక్షరాలు చదవమనండి. చివర్లో 'సి.ఐ.' అని, పక్కన ఐదంకెల సంఖ్య ఉంటుంది. అంటే కలర్ ఇండెక్స్ సంఖ్య. 77తో మొదలైతే అది లోహానికో ఖనిజానికో సంబంధించిన పిగ్మెంట్. 77891 టైటానియం డయాక్సైడ్, 77007 అల్ట్రామెరైన్, 77491 ఎర్ర ఐరన్ ఆక్సైడ్. 19140 అని ఉంటే టార్ట్రాజిన్, అది మిఠాయిల్లో కూడా వాడే పసుపు రంగు. 42090 బ్రిలియంట్ బ్లూ. సౌందర్య సాధనాల్లో వాడదగ్గ రంగులకు మన దేశంలో ఐ.ఎస్. 4707 మొదటి భాగం అనే ప్రమాణం ఉంది. పసుపు బొమ్మ, వేపాకు బొమ్మ వేసిన పెట్టెల మీద ఏ సంఖ్యలున్నాయో కూడా చూడమనండి. బొమ్మకూ సంఖ్యకూ మధ్య ఉన్న దూరం పిల్లలే కనిపెడితే ఇక టీవీ యాడ్ చూసే చూపే మారిపోతుంది.

కలిపే పద్ధతి

250 గ్రాముల బేస్ తీసుకుంటే మూడు చిన్న సబ్బులు వస్తాయి. చాకుతో ముక్కలు చేసే పని, పొయ్యి దగ్గరి పని మీరే చేయండి. వేడినీళ్ళ గిన్నెలో ఇంకో స్టీలు గిన్నె పెట్టి ముక్కలు కరిగించండి. 60, 65 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మరగనివ్వకండి, మాడు వాసన పట్టి రంగు మారుతుంది. గరిటెతో గిలకొట్టినా నురగ తేలి పైన బుడగలు మిగులుతాయి.

రంగు పొడిని నేరుగా వేడి బేస్‌లో వేస్తే ఉండలు కడుతుంది. శనగపిండిని మరిగే చారులో చల్లితే ఎలా అవుతుందో అలాగే. అందుకే ముందు చిన్న గిన్నెలో అర చెంచా గ్లిజరిన్ వేసి అందులో పొడిని నలిపి, ఉండలు లేకుండా పలుచన చేసుకోవాలి. గ్లిజరిన్ మెడికల్ షాపులో దొరుకుతుంది. ఒక్కో సబ్బుకు, అంటే సుమారు 80 గ్రాముల బేస్‌కు, టీస్పూన్‌లో ఎనిమిదో వంతు పొడి సరిపోతుంది. ఇది పిల్లలు చేయాల్సిన పని. చుక్క చుక్కగా వేసి కలుపుతూ, ప్రతిసారీ ఒక చుక్క తెల్ల కాగితం మీద వేసి ఆరనిస్తే సబ్బు గట్టిపడ్డాక వచ్చే రంగు ఎలా ఉంటుందో ముందే తెలుస్తుంది. కరిగి ఉన్నప్పటి రంగును నమ్మి ఎక్కువ వేసేయడం మామూలుగా జరిగేదే.

రంగు కలిశాక వెంటనే పోయకండి. మరీ వేడిగా, పలుచగా ఉంటే బొగ్గు, మట్టి, మైకా అన్నీ అడుక్కు దిగిపోయి పైన ఖాళీగా ఉంటుంది. 50, 55 డిగ్రీలకు చల్లారి, కాస్త చిక్కబడ్డాక పోయాలి. థర్మామీటర్ లేకపోతే గిన్నె అంచున పల్చటి మీగడ లాంటి పొర కట్టడం మొదలవగానే పోయండి. అచ్చులు కొననవసరం లేదు, కాగితం కప్పులు చాలు, గట్టిపడ్డాక చింపేయొచ్చు.

బేస్‌లో ఉండే గ్లిజరిన్ గాలిలోని తేమను లాగుతుంది. వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ వైపు ఇళ్ళలో సబ్బు మీద చెమట పట్టినట్టు బొట్లు కనిపిస్తాయి. పాడైపోయిందని పారేయకండి. తుడిచి, ప్లాస్టిక్ కవర్‌లో గాలి తగలకుండా చుట్టి పెట్టండి.

వాడే ముందు రెండు చిన్న పరీక్షలు. తడిపిన తెల్ల జేబురుమాలు మీద సబ్బు రుద్ది పిండండి, రంగు అంటితే డోసు ఎక్కువైనట్టు. మోచేతి లోపలి వైపు కొంచెం నురగ రాసి కడిగేసి మర్నాటి వరకు చూడండి. ఎర్రబడినా దురద పెట్టినా ఆ సబ్బు ఎవరూ వాడకూడదు. ఎగ్జిమా, అలర్జీ ఉన్న పిల్లలు సబ్బు చేయొచ్చు, ఒంటికి మాత్రం వాడొద్దు.

ఏం తేవాలి

ఒకే రంగు వేసిన సబ్బును రెండు ముక్కలు చేసి, ఒకటి కిటికీలో, ఇంకొకటి బీరువాలో పెట్టాలి. 1వ రోజు, 3వ రోజు, 7వ రోజు, 14వ రోజు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, కనబడింది కనబడినట్టు రాయాలి. కలర్ పెన్సిళ్ళతో రంగు గడులు నింపితే ఇంకా మంచిది.

సైన్స్ ఎగ్జిబిషన్ అనగానే కొన్ని ఇళ్ళలో పిల్లలు నిద్రపోయాక ప్రాజెక్టు తయారవుతుందని మనందరికీ తెలుసు. ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చిన సబ్బుకు రిబ్బన్ కట్టి పంపినా నాకు తెలిసిపోతుంది. దానికి నోట్‌బుక్ ఉండదు కదా! ఈ యాక్టివిటీకి 20 మార్కులు. అందులో సబ్బు అందానికి 2, నోట్‌బుక్‌కు 12, పిల్లలు నిలబడి తమ మాటల్లో చెప్పేదానికి 6. బీట్‌రూట్ వేస్తే మట్టి రంగు వచ్చిందని, ఎందుకొచ్చిందో రాసిన నోట్‌బుక్‌కు 12కి 12 వేస్తాను. వాట్సాప్ గ్రూపులో ఎవరిదో మెరిసే సబ్బు ఫొటో చూసి మీవాళ్ళ గోధుమ రంగు సబ్బును పారేయకండి, అదే పట్టుకు రమ్మనండి.

చెప్పడం తెలుగులోనైనా ఇంగ్లిష్‌లోనైనా, రెండూ కలిపైనా సరే. ఇంట్లో ఎర్రనీళ్ళు కలిపి చూపించిన అమ్మమ్మలు, నానమ్మలు వచ్చి మొత్తం సెక్షన్‌కు ఒకసారి చేసి చూపిస్తానంటే ఎగ్జిబిషన్ రోజు మొదటి పీరియడ్ వారికే. పేరు డైరీలో రాసి పంపండి. పసుపు, సున్నం, గాజు గ్లాసులు ల్యాబ్‌లో సిద్ధంగా ఉంచుతాం.